ఒకే ఏడాది మైనస్ 51, ప్లస్ 49: కిడర్ కౌంటీ చలి, ఎండల వెనక ఏముంది?

క్లుప్తంగా: అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం నడిమధ్యన ఉన్న కిడర్ కౌంటీలో చలి, ఎండ రెండూ హద్దులు దాటతాయి. సముద్రం చాలా దూరం. ఉత్తర ధ్రువం వైపు నుంచి దిగే చలిగాలికి అడ్డుకొండ లేదు. పడమటి తేమను రాకీ పర్వతాలు ముందే పిండేస్తాయి. ఏడాది మొత్తంలో పడే వాన అనంతపురం కన్నా తక్కువే అయినా అక్కడ గోధుమ పండుతుంది, ఎందుకంటే ఆ వాన పంటకు కావలసిన నెలల్లోనే పడుతుంది. చలికాలాలు గతంలో కన్నా వెచ్చబడుతున్నాయి. కానీ భయంకరమైన చలిరోజులు పూర్తిగా పోలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

1936 ఫిబ్రవరి 15న నార్త్ డకోటాలోని పార్షల్ అనే చిన్న ఊళ్లో ఉష్ణోగ్రత మైనస్ 51 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఐదు నెలలు తిరక్కముందే, జూలై 6న, అక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరంలోని స్టీల్ అనే ఊళ్లో 49.4 డిగ్రీల ఎండ కాసింది. రెండింటి మధ్య తేడా నూరు డిగ్రీలు. నీళ్లు గడ్డకట్టే స్థితికీ, సలసల మరిగే స్థితికీ మధ్య ఎంత తేడా ఉంటుందో అంత. రాష్ట్రం మొత్తానికి ఈ రెండు అంకెలే ఇప్పటికీ రికార్డులు.

రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు కూడా 49 డిగ్రీలంటే మామూలు మాట కాదు. లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే పర్యాటకులు కార్లు కట్టుకుని పరిగెత్తే మనకు మైనస్ 51 అంటే ఊహకు అందదు. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాది ఎలా వచ్చాయన్నది అసలు ప్రశ్న. ఏటా జనవరిలో అమెరికా చలి వార్తలు రాగానే ‘భూమి వేడెక్కుతోందన్నారుగా, మరి ఈ చలేమిటి’ అన్న ప్రశ్న కూడా దాంతోపాటే వస్తుంది. రెండింటికీ జవాబు వెతకడానికి స్టీల్ కేంద్రంగా ఉన్న కిడర్ కౌంటీ మంచి చోటు.

కౌంటీ అంటే ఎంత?

కౌంటీ అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగం. కిడర్ కౌంటీ విస్తీర్ణం సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. అంత నేలలో 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 2,400 మంది లోపే. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీలో ఉండే జనం అక్కడ జిల్లా అంతటా చెదిరి ఉంటారు. రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌కు, జేమ్స్‌టౌన్‌కు మధ్య తూర్పు పడమరలుగా సాగే ఐ-94 హైవే ఈ కౌంటీ గుండానే పోతుంది. గోధుమ, సోయాబీన్, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, పశువుల మేత, ఆవుల మందలు, వాటి మధ్య లెక్కలేనన్ని కుంటలు కనిపిస్తాయి.

ఉత్తర అమెరికా ఖండానికి భౌగోళిక కేంద్రం తమ ఊరేనని ఇదే రాష్ట్రంలోని రగ్బీ పట్టణం ఎప్పుడో రాతి స్తూపం కట్టుకుంది. కాదు, మాదేనని కిడర్ కౌంటీలోని రాబిన్సన్ అనే బుల్లి ఊరు పోటీకి వచ్చింది. ఎవరి లెక్క సరైనదైనా, ఖండానికి నట్టనడుమ అన్న మాటలో తేడా లేదు. ఇక్కడి వాతావరణంలో సగం కథ ఆ ఒక్క మాటలోనే ఉంది.

సముద్రం లేని లోటు

నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. నేల అలా కాదు. పొద్దున ఎండకు కాలిన బండ అర్ధరాత్రికి చల్లబడుతుంది, చెరువులో నీళ్లు మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి. విశాఖలో చలికాలం చలి అనిపించకపోవడానికి, ఆదిలాబాద్‌లో వణికించడానికి కారణం చాలావరకు ఇదే.

స్టీల్ ఉన్నది ఉత్తర అక్షాంశం 47 డిగ్రీలకు కాస్త కింద. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరానికి దగ్గరగా ఉన్న నాంట్ నగరమూ, అమెరికా పడమటి తీరంలోని సియాటిల్ కూడా ఇంచుమించు అదే అక్షాంశంలో ఉన్నాయి. మూడింటి మీదా పడే సూర్యరశ్మి లెక్క ఒకటే. సియాటిల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల దగ్గర ఉంటే, కిడర్ కౌంటీ పక్కనే ఉన్న బిస్మార్క్‌లో మైనస్ 10, 11 డిగ్రీల మధ్య ఉంటుంది. జూలైకి వచ్చేసరికి లెక్క తిరగబడి బిస్మార్క్ సగటే 22 డిగ్రీలకు చేరి సియాటిల్‌ను దాటిపోతుంది. అంటే అత్యంత చల్లని నెలకూ అత్యంత వేడి నెలకూ సగటులోనే 30 డిగ్రీలకు పైగా తేడా. హైదరాబాద్‌లో డిసెంబర్‌కూ మే నెలకూ మధ్య తేడా పది, పన్నెండు డిగ్రీలు మించదు.

ఈ వాతావరణానికి తోబుట్టువు కావాలంటే ఐరోపాలో కాదు, ఉత్తర కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో వెతకాలి. అక్కడా ఇదే గట్టి చలి, ఇదే పొట్టి వేసవి, అందులోనే పండే గోధుమ. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో నార్త్ డకోటాకు వచ్చి స్థిరపడినవాళ్లలో రష్యా నల్లసముద్రం ప్రాంతపు జర్మన్లు చాలామంది ఉన్నారు. చెట్టు లేని మైదానం, గాలి, మెట్ట సేద్యం వాళ్లకు కొత్త కాదు. తూర్పు అమెరికాలోని తడినేలల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం అన్నీ కొత్తే.

అడ్డుగోడ లేని మైదానం

ఒక్క సముద్ర దూరమే అయితే చలి నిలకడగా ఉండాలి. కిడర్ కౌంటీ సంగతి అది కాదు. జనవరిలో ఒక మధ్యాహ్నం మంచు కరిగి చూరు నుంచి నీళ్లు కారతాయి, మర్నాటి పొద్దుటికి మైనస్ 25. ఈ కుదుపుకు కారణం భూమి మీద కొండలు నిలబడిన తీరు.

ఆసియాలో హిమాలయాలు తూర్పు పడమరలుగా అడ్డం నిలబడ్డాయి. సైబీరియా చలిగాలి దక్షిణానికి దిగాలంటే ఆ గోడ దాటాలి, దాటలేదు. ఉత్తర అమెరికాలో పెద్ద కొండలన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. పడమట రాకీలు, తూర్పున అపలాచియన్లు. నడుమ ఆర్కిటిక్ నుంచి మెక్సికో సింధుశాఖ దాకా ఒక పెద్ద కారిడార్‌లాగా నేల తెరుచుకుని ఉంది. కిడర్ కౌంటీ ఆ దారిలో ఉంది.

చలికాలంలో కెనడా ఉత్తర భాగాల మీద పొద్దు సరిగా పొడవదు. ఉన్న కాస్త వెలుగును తెల్లటి మంచు తిప్పి పంపేస్తుంది. నేల దగ్గరి గాలి చల్లబడి, బరువెక్కి, పేరుకుంటుంది. చల్లగాలి నీళ్లలాంటిది, బరువుగా ఉండి పల్లానికి పారుతుంది. పైనున్న గాలుల తీరు కాస్త మారితే చాలు, ఆ గాలి రాశి మైదానం మీదుగా దక్షిణానికి జారిపోతుంది. దారిలో ఆపేది ఏమీ లేదు. అప్పుడు ఆకాశం తేటపడుతుంది, గాలి ఆగిపోతుంది, మంచు కప్పిన నేల ఉన్న వేడినంతా రాత్రిపూట ఆకాశంలోకి వదిలేస్తుంది. అత్యంత చల్లని రాత్రులు ఎక్కువగా ఇలా గాలి లేని, చుక్కలు మెరిసే రాత్రులే.

2021 ఫిబ్రవరి ఈ దారి ఎంత పొడవో చూపించింది. ఉత్తర మైదానాలను రోజుల తరబడి గడ్డకట్టించిన చలిగాలి టెక్సస్ దాకా దిగి, అక్కడి కరెంటు వ్యవస్థను కూలదోసింది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలోని తెలుగు కుటుంబాలు కరెంటు లేక, పైపులు పగిలి, కార్లలో హీటర్ పెట్టుకుని కూర్చున్న రోజులవి. హ్యూస్టన్‌లో మైనస్ 10 డిగ్రీలు దాటింది. ఢిల్లీది ఇంచుమించు హ్యూస్టన్ అక్షాంశమే. ఢిల్లీలో సున్నా దాకా రావడమే అరుదు. హిమాలయం ఉండటానికీ లేకపోవడానికీ తేడా అది.

తెరుచుకున్న దారికి రెండో కొస కూడా ఉంది. వేసవిలో సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరంలోని మెక్సికో సింధుశాఖ నుంచి తేమగాలి ఇదే దారిన పైకి ఎక్కి వస్తుంది. రాత్రిపూట నేలకు కొద్ది వందల మీటర్ల ఎత్తున దక్షిణపు గాలి వేగం పుంజుకుంటుంది. అందుకే ఇక్కడి ఉరుముల వానలు చాలాసార్లు రాత్రివేళ పడతాయి. పడమటి నుంచి వచ్చే పసిఫిక్ గాలి మాత్రం రాకీలు ఎక్కేటప్పుడే తేమ వదిలేసి, దిగేటప్పుడు పొడిబారి వస్తుంది. ఉత్తరపు చలి, దక్షిణపు తేమ, పడమటి పొడిగాలి, ఈ మూడూ కిడర్ కౌంటీ మీద వంతులేసుకుంటాయి. వంతు మారిన రోజు ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎక్కుతుంది, లేదా దబ్బున పడిపోతుంది.

మంచు తుఫానుకు కొత్త మంచు అక్కర్లేదు

బ్లిజర్డ్ అనగానే ఆకాశం నుంచి కుప్పలుగా మంచు రాలడమే గుర్తొస్తుంది. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఇచ్చే నిర్వచనంలో ఎంత మంచు పడాలన్న లెక్కే లేదు. గంటకు 56 కిలోమీటర్లకు తగ్గని గాలి, ఎగిరే మంచుతో 400 మీటర్ల అవతల ఏమీ కనబడని స్థితి, ఈ రెండూ కనీసం మూడు గంటలు ఉంటే అది బ్లిజర్డ్. గట్టి చలిలో పడ్డ మంచు పిండిలా పొడిగా ఉంటుంది, తడి మంచులా అంటుకోదు. రెండు రోజుల కిందట పడ్డ మంచును గాలి లేపిందంటే, నెత్తిమీద ఎండ కాస్తుండగానే కింద రోడ్డు మాయమవుతుంది. తెల్లటి నేలకూ తెల్లటి గాలికీ తేడా తెలియదు. చేయి చాస్తే వేళ్లు కనబడవు.

అలాంటి రోజున ఐ-94 మీద బిస్మార్క్, జేమ్స్‌టౌన్‌ల మధ్య రాకపోకలు ఆపేస్తారు. హైవే ఎక్కే దారుల్లో మన రైల్వే గేట్లలాంటివి ఉంటాయి, వాటిని అడ్డం దించేస్తారు. అక్కడి కార్ల ముందు భాగం నుంచి ఒక కరెంటు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. ఇంజిన్‌ను రాత్రంతా వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌ది ఆ తీగ. ఇదే రాష్ట్రంలోని ఫార్గో, గ్రాండ్ ఫోర్క్స్ యూనివర్సిటీలకు చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థులు కారు కొన్న కొత్తలో ఆ తీగ ఎందుకో తెలియక తికమకపడితే ఆశ్చర్యం లేదు. మొదటి మైనస్ 30 పొద్దున అది అర్థమవుతుంది. కారు డిక్కీలో దుప్పటి, పార, కొవ్వొత్తులు, తినడానికేమైనా పెట్టుకోవడం అక్కడ చాదస్తం కాదు, మామూలు జాగ్రత్త. మైనస్ 29 డిగ్రీల్లో గంటకు 32 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 44తో సమానం. కప్పుకోని చర్మం పది నిమిషాల్లోపే గడ్డకడుతుంది.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1920 మార్చి 15న కిడర్ కౌంటీకి పడమట, మిస్సోరి నది అవతల ఉన్న ఆలివర్ కౌంటీలో బడి నుంచి ఇంటికి బయల్దేరిన పదిహేనేళ్ల హేజెల్ మైనర్, ఆమె తమ్ముడు, చెల్లెలు గుర్రపు బండిలో మంచు తుఫానుకు చిక్కారు. బండి ఒరిగిపోయింది. హేజెల్ ఉన్న దుప్పట్లు పిల్లలిద్దరికీ కప్పి, తన కోటు గుండీలు విప్పి పరిచి, వాళ్లమీద తాను అడ్డంగా పడుకుంది. మర్నాడు వెతికేవాళ్లు వచ్చేసరికి పిల్లలు ప్రాణాలతో ఉన్నారు, ఆమె లేదు. ఆలివర్ కౌంటీ కోర్టు ఆవరణలో ఆమె స్మారకం ఉంది.

అది మార్చి నెల అన్నది గమనించాలి. ఇక్కడ కరుడుగట్టిన చలి జనవరిది, మనుషులను, పశువులను ఏమరుపాటులో పట్టే తుఫానులు చాలావరకు మార్చి, ఏప్రిల్‌లవి. చలిగాలికి బలం పూర్తిగా తగ్గలేదు, దక్షిణపు తేమ అప్పటికే చేరడం మొదలవుతుంది, రెండూ ఢీకొంటాయి. 2022 ఏప్రిల్ మధ్యలో వచ్చిన పెద్ద తుఫాను సరిగ్గా ఆవులు ఈనే రోజుల్లో పడింది. తల్లి కడుపులోంచి తడితో నేలమీద పడ్డ దూడకు ఆ గాలిలో నిలబడే వ్యవధే ఉండదు. అలాంటప్పుడు రైతులు దూడలను ట్రక్కు క్యాబిన్లలోకి, ఇంటి వసారాల్లోకి, ఒక్కోసారి వంటింట్లోకి మోసుకొస్తారు.

వాన ఎంత కాదు, ఎప్పుడు

బిస్మార్క్, కిడర్ కౌంటీ ప్రాంతంలో వాన, కరిగిన మంచు కలిపి ఏడాదికి సుమారు 450 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లాలో 550 ప్రాంతం. కరువుకు మారుపేరుగా చెప్పుకునే చోటు కన్నా తక్కువ వాన పడే నేల గోధుమ పొలాలతో పచ్చగా ఎలా ఉంటుంది?

మొదటి కారణం, వాన పంట వెంట వస్తుంది. ఏడాది మొత్తంలో ముప్పాతిక వంతు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు పడుతుంది, అన్నిటికన్నా తడినెల జూన్. గోధుమ దుబ్బు కట్టి, పొట్టకు వచ్చే రోజులు అవే. అంత పేరున్న మంచు మాత్రం నీటి లెక్కలో చాలా చిన్నది. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలదీ కలిపినా ఏడాది మొత్తంలో పదో వంతుకు కాస్త అటూఇటూ. రెండోది, ఆరు నెలలు నేల చల్లగానో గడ్డకట్టో ఉంటుంది కాబట్టి ఆవిరై పోయేది తక్కువ. అనంతపురంలో డిసెంబర్ ఎండకూడా పదును లాగేస్తుంది, ఇక్కడ అక్టోబర్ వాన మట్టిలో దాక్కుని మే నెల విత్తనానికి అందుతుంది. మూడోది పగటి పొడవు. జూన్‌లో పొద్దు దాదాపు పదహారు గంటలు ఉంటుంది. హైదరాబాద్‌లో పదమూడు గంటలకు కొంచెం పైన. మంచు పడని కాలం మే చివరి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా నాలుగు నెలలే అయినా, ఆ వెలుగుతో వసంతపు గోధుమ మూడు, మూడున్నర నెలల్లో కోతకు వస్తుంది.

ఇందులోనే ప్రమాదమూ ఉంది. పంట అంతా రెండు మూడు నెలల వాన మీద ఆధారపడింది. జూన్‌లో మూడు వారాలు బెట్ట పెడితే ఆగస్టులో ఎంత కురిసినా గోధుమకు పనికిరాదు. ఏడాది లెక్క చూస్తే ‘సాధారణ వర్షపాతం’ అని ఉంటుంది, గాదె ఖాళీగా ఉంటుంది. ఖరీఫ్ వేరుశనగ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఏమవుతుందో తెలిసిన రాయలసీమ రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే ఇలాంటి చోటును సగటు వర్షపాతంతో కొలవడం తప్పుదారి పట్టిస్తుంది. అది పడిన నీటిని కొలుస్తుంది, పంటకు అందిన నీటిని కాదు.

ఈ సందిగ్ధం కిడర్ కౌంటీ చిరునామాలోనే ఉంది. పశ్చిమ రేఖాంశం 100 డిగ్రీలు స్టీల్ పక్కనుంచే పోతుంది. అమెరికా పడమటి ప్రాంతాలను సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ 1878లో అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఇంచుమించు ఈ గీతకు పడమట వాన మీదనే నమ్మకం పెట్టుకుని సేద్యం చేయడం కుదరదని హెచ్చరించాడు. తూర్పున ఫార్గోలో ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడితే, పడమట విల్లిస్టన్‌లో 370 లోపే. కానీ గీత కదలకుండా ఉండేది కాదు. తడి ఏళ్లలో ఫార్గో వాతావరణం పడమటికి జరిగి కిడర్ కౌంటీని కలుపుకుంటుంది, పొడి ఏళ్లలో విల్లిస్టన్ వాతావరణం తూర్పుకు వస్తుంది.

వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఇంటికి 160 ఎకరాలు ఇచ్చింది. తూర్పు రాష్ట్రాల్లో అది పెద్ద కమతం. పచ్చిక మీద బతకాల్సిన పొడి ప్రాంతాల్లో కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలని పావెల్ చెప్పాడు, ఎవరూ వినలేదు. తడి ఏళ్లు చూసి జనం నిండారు. 1930 నాటికి కౌంటీ జనాభా ఎనిమిది వేల చుట్టూ ఉండేది. తర్వాత తరుగుతూ వచ్చింది. ట్రాక్టర్లు, పెరిగిన కమతాలు, పట్నం ఉద్యోగాలు కూడా కారణాలే. కానీ తొలి దెబ్బ కరువుది.

1936లో ఏం జరిగింది

ఆ ఏడాది చలి, ఎండ రెండింటికీ మూలం ఒకటే కాదు. ఫిబ్రవరిలో ఆర్కిటిక్ గాలి వారాల తరబడి మైదానం మీద తిష్ట వేసింది. మంచు కప్పు మీద అది ఇంకా చల్లబడింది. దారి తెరిచి ఉండటం వల్ల కలిగిన చలి అది.

జూలై ఎండది వేరే లెక్క. తడి నేల మీద ఎండ పడితే ఆ శక్తిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. నేలలో తడి లేకపోతే ఆ శక్తంతా గాలిని కాల్చడానికే పోతుంది. 1930ల మొదటి నుంచీ వానలు తగ్గాయి. అంతకుముందు గోధుమ ధర చూసి పచ్చిక బయళ్లను దున్నేశారు. పంట ఎండి, నేల బోసిపోయి, దుమ్ము లేచింది. అలాంటి ఎండిపోయిన నేల మీద అధిక పీడనం కదలకుండా కూర్చుంది. మబ్బు లేదు, ఆవిరయ్యే నీరు లేదు. మనిషి చేతిపని ఆ ఎండకు పదును పెట్టిందనడంలో అతిశయోక్తి లేదు.

ఇప్పుడు అదే మైదానాల్లో విస్తారంగా ఉన్న మొక్కజొన్న, సోయాబీన్ వేసవిలో ఆకుల నుంచి నీటిని వదులుతూ పగటి ఎండను కొంత తగ్గిస్తున్నాయి. 1936 నాటి రికార్డు ఇన్నేళ్లుగా నిలవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ పచ్చదనం వల్ల ఉక్క పెరుగుతుంది, అది వేరే సంగతి.

గాలిని విరిచే చెట్ల వరుసలు కూడా ఆ కాలపు వారసత్వమే. 1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన పథకంలో 1942 దాకా నార్త్ డకోటా నుంచి టెక్సస్ వరకు సుమారు 22 కోట్ల చెట్లు నాటారు. పొలం గట్టున బారులు తీరిన ఆ చెట్లు గాలి వేగాన్ని తగ్గిస్తాయి, చలికాలంలో మంచును రోడ్డు మీదికి పోనీయకుండా పొలంలోనే నిలుపుతాయి. ముసలివైన వరుసలను పెద్ద యంత్రాలకు అడ్డమని కొట్టేస్తున్న చోట్లా ఉన్నాయి. 1936ను గుర్తుపెట్టుకుంటే అది మంచి బేరం కాదు.

పోయే దారి లేని నీళ్లు

కిడర్ కౌంటీ నేల మిస్సోరి కోటో అనే ఎగుడుదిగుడు మెరక మీద ఉంది. సుమారు పన్నెండు వేల ఏళ్ల కిందట హిమానీనదం ఇక్కడే ఆగి, ముక్కలుగా కరిగింది. మట్టిలో పూడుకున్న మంచుగడ్డ కరిగిన చోటల్లా ఒక గుంట మిగిలింది. వాటినే పాట్‌హోల్స్ అంటారు. వీటికి తూము లేదు, అలుగు లేదు, వాగులో కలిసే దారి లేదు. వచ్చిన నీరు ఆవిరి కావాలి, లేదా భూమిలోకి ఇంకాలి.

అందువల్ల ఈ కుంటలు దశాబ్దాల వానను లెక్కరాసే పద్దుపుస్తకాల్లాంటివి. 1930ల్లో నెర్రెలు విచ్చాయి. 1993 నుంచి తడి కాలం పట్టుకుంది. 1996-97 చలికాలంలో బిస్మార్క్‌లో రెండున్నర మీటర్ల మంచు కురిసింది. ఆ ప్రాంతమంతటా కుంటలు ఒకదానితో ఒకటి కలిసి సరస్సులయ్యాయి, పొలాలు, మట్టిరోడ్లు మునిగాయి. ఇదే రకం మూసుకున్న పరీవాహకం ఉన్న డెవిల్స్ లేక్ 1993 నుంచి 2011 మధ్య తొమ్మిది మీటర్లకు పైగా పెరిగి ఊళ్లను, వేల ఎకరాలను మింగింది. వరద అంటే వచ్చి పోయేది అనుకుంటాం. ఇక్కడి వరద వస్తే ఏళ్ల తరబడి పోదు. రైతుకు నష్టమైన ఈ నీరే బాతులకు, కొంగలకు, పెలికాన్లకు పుట్టిల్లు. కౌంటీలోకి విస్తరించిన లాంగ్ లేక్ పక్షుల అభయారణ్యం 1932 నుంచీ ఉంది.

భూమి వేడెక్కుతుంటే ఈ చలి ఎందుకు

ఒక రోజు సంగతి వాతావరణం, ముప్పై ఏళ్ల తీరు శీతోష్ణస్థితి. బడిలో చెప్పిన ఈ తేడాను కిడర్ కౌంటీ లాంటి చోట మరీ పట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రోజువారీ ఊపే చాలా పెద్దది. ఒక వారంలో 30 డిగ్రీలు అటూఇటూ అయ్యే చోట వందేళ్లలో డిగ్రీన్నర మార్పు కంటికి ఆనదు.

20వ శతాబ్దం మొదటితో పోలిస్తే నార్త్ డకోటా సగటు ఉష్ణోగ్రత డిగ్రీన్నర సెల్సియస్‌కు దగ్గరగా పెరిగింది. అమెరికా ప్రధాన భూభాగంలో ఎక్కువగా వేడెక్కిన రాష్ట్రాల్లో అదొకటి. పెరిగింది ప్రధానంగా చలికాలంలో, అందులోనూ రాత్రుల్లో. చలిగాలి తయారయ్యే ఆర్కిటిక్ మిగతా భూగోళం కన్నా వేగంగా వేడెక్కుతోంది. అక్కడి నుంచి దిగే గాలిలో మునుపటంత చలి ఉండటం లేదు. మంచు కప్పు తక్కువ రోజులు ఉంటే నేల ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది. అయినా దారి మూసుకోలేదు, చలికాలంలో ఆర్కిటిక్ మీద చీకటి పోలేదు. కాబట్టి మైనస్ 30 రోజులు వస్తూనే ఉంటాయి, మునుపటి కన్నా అరుదుగా. ఒక చలి వారాన్ని చూపించి వేడెక్కడం అబద్ధమనడం, ఒక వెచ్చని జనవరిని చూపించి చలి పోయిందనడం రెండూ ఒకే పొరపాటు.

పొలాల్లో మార్పు ఇప్పటికే కనిపిస్తోంది. ఒకప్పుడు ఎక్కువగా తమకు దక్షిణాన ఉన్న అయోవా లాంటి రాష్ట్రాల్లోనే పండిన మొక్కజొన్న, సోయాబీన్ 1990ల నుంచి నార్త్ డకోటాలో విపరీతంగా పెరిగాయి. తొందరగా పండే విత్తనాలు, ధరలు, తడి ఏళ్లు, పొడవైన సాగుకాలం అన్నీ కలిశాయి. చలి తగ్గడం వల్ల లాభమే కదా అనిపిస్తుంది. కానీ గట్టి చలి తెగుళ్లకు, పురుగులకు కూడా పగ్గం. వెచ్చని గాలి ఎక్కువ తేమ మోస్తుంది కనుక పడే వాన జడివానగా పడుతుంది, మధ్యలో బెట్ట కూడా వేగంగా ముదురుతుంది. నేలలో పదును అదే ఉన్నా, ఎండ పెరిగితే తొందరగా ఆరిపోతుంది.

2017లో జరిగింది అదే. వసంతంలో పెద్దగా అనుమానం లేదు. మే చివర, జూన్‌లో వాన తప్పింది, వేడిగాలి పట్టుకుంది, కొద్ది వారాల్లోనే నార్త్, సౌత్ డకోటా రాష్ట్రాల్లో, పక్కనున్న తూర్పు మోంటానాలో తీవ్ర కరువు ప్రకటించే స్థితి వచ్చింది. ఇలా ఉన్నట్టుండి విరుచుకుపడే కరువును అక్కడివాళ్లు ‘ఫ్లాష్ డ్రాట్’ అంటారు. గోధుమను గింజ కట్టకముందే కోసి పశువులకు మేతగా చుట్టలు కట్టుకున్నవాళ్లున్నారు. మేత లేక, ఏళ్లుగా పెంచుకున్న మందలను సంతలకు తోలినవాళ్లున్నారు. ఆ వేసవి చివర ఇతర రాష్ట్రాల రైతులు లారీల్లో పంపిన ఎండుగడ్డి నార్త్ డకోటాకు చేరింది. అడిగినవాళ్లందరికీ సరిపోదని, రాష్ట్ర వ్యవసాయ శాఖ లాటరీ తీసి పంచింది.